చేనుకి కొట్టే మందు మీద తెలుగు ఉంది, మనిషి మింగే మందు మీద లేదు

ఈసారి ధాన్యం రేటు గురించి కాదు, కాలవ నీళ్ళ గురించీ కాదు. మందుల సంచి గురించి. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఇంట్లో షుగరు గానీ బీపీ గానీ ఒక్కళ్ళకి కూడా లేకపోతే మాత్రం చదవక్కర్లేదు. అలాంటి ఇల్లు మన డెల్టాలో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు.

మొన్న సార్వా ఊడ్పులప్పుడు మా అన్నయ్య గట్టు మీద పడిపోయేడు. వయసు 61. పన్నెండేళ్ళ నుంచి షుగరు. ఎనిమిది నెలల కిందట గుండెకి స్టెంటు కూడా వేశారు. ఆ రోజు పొద్దున్నే టీ తాగి, బిళ్ళలు మింగి చేలోకి వెళ్ళేడు. ముఠా ఆలస్యంగా దిగింది, దాంతో ఇంటి దగ్గర నుంచి క్యారేజీ కూడా ఆలస్యమైంది. పది గంటలకి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబడిపోతోంది. ముఠాలో ఒకాయన "పొద్దున్నే వేసేడేంటి ఈయన" అన్నాడు. మా అన్నయ్య జన్మలో చుక్క ముట్టిన మనిషి కాదండి. పక్క చేను కుర్రాడి ఇంట్లో షుగరు చూసే మిషను ఉంటే పరుగెట్టి తెచ్చేడు. 42 చూపించింది. తెలివి ఉంది, మింగగలుగుతున్నాడు కాబట్టి పంచదార నీళ్ళు తాగించి ఆటోలో ఆసుపత్రికి పట్టుకెళ్ళాం. కాసేపటికి తేరుకున్నాడు, ఇంటికి పోదామన్నాడు. వాళ్ళు పంపలేదు. ఆయన వేసుకున్న రకం బిళ్ళ ఒంట్లో చాలాసేపు పని చేస్తుందట, షుగరు మళ్ళీ పడిపోవచ్చట. ఒక రోజంతా ఉంచారు. ఇది మీరు కూడా గుర్తుపెట్టుకోండి. పంచదార నీళ్ళతో లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తెచ్చేసుకోకండి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. డ్యూటీలో ఉన్న డాక్టరు గారు ఏం మందులు వాడుతున్నారని అడిగారు. మా వదిన "తెల్లది ఒకటి, గులాబీ రంగుది ఒకటి, చిన్నది ఒకటి అండి" అంది. ఆయనకి విసుగొచ్చింది. "మీకే ఇంత నిర్లక్ష్యం అయితే మేమేం చేస్తాం" అన్నారు. వదిన తల దించుకుంది.

ఆ నిర్లక్ష్యం అన్న మాట దగ్గరే నాకు పేచీ.

మర్నాడు ఆవిడ మందుల సంచి తెప్పించి మంచం మీద బోర్లించాను. 11 రకాలు. నేను ఇంటర్ చదివాను, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, చేతిలో ఫోను ఉంది. అయినా ఏది దేనికో తేల్చడానికి రెండు గంటలు పైన పట్టింది. గవర్నమెంటు వాళ్ళు ఊళ్ళో ఇచ్చినవి మూడు. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్. స్టెంటు వేసిన ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు రాసినవి ఆరు. అందులో షుగరు బిళ్ళ ఒకటి. ఆ బిళ్ళ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందంటే, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండూ కలిపినదని ఉంది. అంటే మా అన్నయ్య ఎనిమిది నెలల నుంచి ఒకే మందుని రెండు పేర్లతో రెండింతలు మింగుతున్నాడు. రోజూ టైముకి తిన్నన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చింది. తిండి ఆలస్యమైన రోజున పడగొట్టేసింది. ఇంకా చూడండి, గ్యాసు బిళ్ళలు రెండు రకాలు, రెండు చోట్ల రాసినవి. ఒళ్ళు నొప్పులకి ఊళ్ళో ఇచ్చిన డైక్లోఫెనాక్ ఒకటి. నొప్పి బిళ్ళ బీపీని పెంచుతుంది, రోజూ వాడితే కిడ్నీల మీద పడుతుంది. బీపీ తగ్గడానికి రెండు బిళ్ళలు వేసుకుంటూ పెంచేది ఇంకొకటి వేసుకుంటున్నాడు మనిషి.

అన్నిటికన్నా భయం వేసింది ఇంకొకటి. స్టెంటు మూసుకుపోకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ పత్తా మీద గాటు పడలేదు, నెల నుంచి. ఎందుకని అడిగితే అన్నయ్య చెప్పిన సమాధానం వినండి. "రక్తం పల్చబడడానికి రెండు ఇచ్చేర్రా. రెండూ ఒకటే పని కదా, కడుపులో మంటొస్తోందని ఒకటి ఆపేను." ఆయన ఆలోచనలో తప్పుందా? రెండు ఒకటే అయితే ఒకటి మానాలని ఆయనకి తెలుసు. కాకపోతే నిజంగా ఒకటే అయినవి రెండూ మింగేడు, వేరువేరు అయినవి ఒకటే అనుకుని ఒకటి ఆపేడు. ఏది ఏదో చెప్పినవాడు లేడు. చెప్పిన కాయితం ఉంది గానీ అది మనిషి చదివే కాయితం కాదు.

ఆ కాయితం మీద ఏముంటుందో మీకు తెలుసు. ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్, ఏసీ, పీసీ. ఇవి ఇంగ్లీషు కూడా కాదండి, లాటిన్ మాటల పొట్టి అక్షరాలట. బీడీ అంటే రోజుకి రెండుసార్లు. ఏసీ అంటే తిండికి ముందు. మనకి తెలిసిన బీడీ వేరు, తెలిసిన ఏసీ వేరు. రెండువేల ఏళ్ళ నాటి రోము భాష రాజమండ్రి పక్కన పల్లెటూర్లో ముసలమ్మకి ఎందుకు రాయాలో ఎవరైనా చెప్పండి.

ఇప్పుడు మన గొడౌన్లో మందు డబ్బా చూడండి. దోమకో, ఆకుముడతకో తెచ్చిన డబ్బా ఏదైనా సరే. దాని మీద ముక్కోణం ఉంటుంది. ఎరుపు అయితే మహా విషం, దాని మీద పుర్రె బొమ్మ. పసుపు అయితే దాని తర్వాతది, నీలం ఇంకా తక్కువ, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. అక్షరం రాని పాలేరుకి కూడా ఆ రంగు తెలుసు. డబ్బాతో పాటు మడతపెట్టిన కాయితం వస్తుంది. ఏ పంటకి, ఏ పురుగుకి, ఎకరానికి ఎంత, ఎంత నీళ్ళలో, కొట్టాక ఎన్నాళ్ళకి కోయాలి, పొరపాటున మింగితే ఏం చేయాలి, అన్నీ ఉంటాయి. తెలుగులో కూడా ఉంటాయి. అక్షరాలు చిన్నవే, భూతద్దం కావాలి, అయినా తెలుగే. ఇది కంపెనీ వాళ్ళ దయ కాదు. 1968 క్రిమిసంహారక మందుల చట్టం, దాని కింద 1971లో వచ్చిన రూల్సు. హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ మందు అమ్మే ప్రాంతపు భాషలో లేబులు, కాయితం ఉండాలని రూలు రాశారు.

అంటే 50 ఏళ్ళ కిందటే ఈ దేశానికి ఒక సంగతి అర్థమైంది. రైతుకి అర్థంకాని భాషలో విషం అమ్మితే ప్రాణాలు పోతాయని. మరి మోతాదు తప్పితే విషమయ్యేది మా అన్నయ్య మింగిన బిళ్ళ కాదా? వరికి తెలుగులో చెప్పి, వరి పండించే వాడికి లాటిన్‌లో రాసి, వాడు తప్పు చేస్తే నిర్లక్ష్యం అంటారా?

మేము మాత్రం ఏం చేస్తాం, టైము లేదు, ఒక పూటలో వంద మందిని చూడాలి అని డాక్టర్లు అంటారు. నిజమే. పీహెచ్‌సీలో ఓపీ లైను నేనూ చూశాను, అక్కడ కూర్చున్న డాక్టరమ్మకి మంచినీళ్ళు తాగడానికి ఖాళీ ఉండదు. నా కోపం ఒక డాక్టరు మీద కాదు. నా కోపం ఎవరికి వాళ్ళు రాసుకుంటూ పోయే పద్ధతి మీద. మన కాలవకి లస్కరు ఉంటాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత దించాలో ఒక్కడి చేతిలో ఉంటుంది. ఒకే బోదెకి ముగ్గురు లస్కర్లు వచ్చి, ఒకడు ఎత్తింది ఇంకొకడికి తెలియకుండా తలుపులు ఎత్తితే చేను ఏమవుద్ది? గుండె డాక్టరు గుండెకి రాస్తారు, షుగరు డాక్టరు షుగరుకి రాస్తారు, మోకాళ్ళ డాక్టరు మోకాళ్ళకి రాస్తారు, ఊళ్ళో ఆర్ఎంపీ నాలుగు బిళ్ళలు పొట్లం కట్టి ఇస్తాడు. అన్నీ కలిపి చూసే వాడు ఒక్కడూ లేడు. చివరికి ఆ పని మా వదిన నెత్తిన పడింది. ఆవిడ చదివింది ఐదో తరగతి.

ఈ జబ్బులు పట్నపోళ్ళవి అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. 2003-04లో మన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోనే 45 ఊళ్ళు తీసుకుని ఎవరు ఎందుకు చనిపోతున్నారో ఇంటింటికీ వెళ్ళి లెక్క తీశారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, ఇక్కడి సంస్థలు కలిసి చేసిన పని అది. 1,354 చావుల్లో నూటికి 32 గుండె జబ్బు, పక్షవాతం లాంటి రక్తనాళాల జబ్బుల వల్ల. అంటు రోగాల వల్ల పోయిన వాళ్ళు 12 శాతమే. ఇరవై ఏళ్ళ కిందటి మాట అది. తర్వాత పశ్చిమ గోదావరిలోనే 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి బీపీలు చూపించి, ముప్పు ఉన్న వాళ్ళని డాక్టరు దగ్గరికి పంపే పద్ధతి పెట్టి చూశారు. ఆశమ్మలు వాళ్ళ పని బాగానే చేశారు. కానీ చివర లెక్క చూస్తే బీపీ అదుపులో ఉన్న వాళ్ళ సంఖ్య చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. నాకు అర్థమైంది ఒకటే. జబ్బు కనిపెట్టడంతో సగం పని కూడా అవదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పాటు రోజూ సరైన బిళ్ళ సరైన వేళకి నోట్లో పడాలి. అసలు కష్టం అక్కడ ఉంది.

ఆ కష్టం తగ్గించే దారి లేదా అంటే ఉంది. మన దేశంలోనూ యూరప్‌లోనూ కలిపి 2,004 మంది మీద ఒక పరీక్ష చేశారు, ఫలితం 2013లో వచ్చింది. గుండె జబ్బు ఉన్న వాళ్ళలో, ముప్పు ఎక్కువున్న వాళ్ళలో సగం మందికి ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందు, రెండు బీపీ మందులు అన్నీ ఒకే బిళ్ళలో పెట్టి ఇచ్చారు. మిగతా సగం మందికి మామూలుగా ఎప్పటిలాగే. ఏడాది పైన గడిచాక చూస్తే ఒకే బిళ్ళ వాళ్ళలో నూటికి 86 మంది క్రమంగా వాడుతున్నారు, రెండో గుంపులో 65 మందే. మనుషులు అలాంటి వాళ్ళే, జబ్బులూ అవే. బిళ్ళల లెక్క తగ్గింది అంతే. మరి ఆ తేడా నిర్లక్ష్యం తేడానా, మందుల వరస తేడానా? 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి కలిపిన బిళ్ళల్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. పక్క తెలంగాణలో కొన్ని జిల్లాల్లో 2018 నుంచి బీపీకి ఒకే పట్టిక పెట్టుకున్నారు. ఏ మందు ముందు, ఎంత మోతాదు, తగ్గకపోతే తర్వాత ఏది, అందరికీ ఒకటే వరస. మన వ్యవసాయ శాఖ ఎరువుల మోతాదు పట్టిక లాంటిదే. కష్టమైన పని కాదు.

రూల్సు లేవా అంటే అవీ ఉన్నాయి. మందు అసలు పేరు అర్థమయ్యేట్టు, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నియమం వచ్చింది. 2023 ఆగస్టులో ఇంకొంచెం గట్టిగా తెచ్చారు, నెల తిరక్కుండానే పక్కన పెట్టేశారు. 2025లో పంజాబ్, హర్యానా హైకోర్టు అయితే అర్థమయ్యే చీటీ అనేది రోగి ప్రాథమిక హక్కు అని చెప్పింది. మందుల షాపులో ఉన్న ఫార్మసిస్టు మందు ఎలా వాడాలో రోగికి వివరించాలని 2015 ఫార్మసీ రూల్సులో ఉంది. మీలో ఎంతమందికి వివరించారు? పత్తా కత్తిరించి ఐదు బిళ్ళలు ఇస్తారు. పేరున్న ముక్క ఒకళ్ళకి పోద్ది, ఎక్స్‌పైరీ డేటు ఉన్న ముక్క ఇంకొకళ్ళకి పోద్ది. మన చేతికి ఉత్తి రేకు వస్తుంది.

ఇంకో మాట. గవర్నమెంటు మందు ఉచితంగా వస్తోంది, ఇంటి దగ్గరికే వస్తోంది, కాదనను. 104 బండి వచ్చినప్పుడు ముసలోళ్ళకి ఎంత ధైర్యమో నాకు తెలుసు. కానీ ఈ నెల తెల్లగా వచ్చిన బిళ్ళ వచ్చే నెల వేరే కంపెనీది పసుపుగా వస్తే ఏం జరుగుతుంది? రంగుని బట్టి లెక్క పెట్టుకునే మనిషి అది కొత్త మందు అనుకుంటాడు. మిగిలిన తెల్లదీ వేసుకుంటాడు, పసుపుదీ వేసుకుంటాడు. మా వీధిలో ఇద్దరు అలాగే చేస్తున్నారు, అడిగితే తెలిసింది.

మన తప్పులు చెప్పకుండా వాళ్ళనే అంటే న్యాయం కాదు. మనం చేలో ఏం చేస్తాం? పురుగు కనపడగానే షాపు వాడు ఏది చెబితే అది, నాలుగు రకాలు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టేస్తాం. ఒంటికీ అదే చేస్తున్నాం. షుగరు తగ్గిందని మూడు నెలలకే మానేస్తాం. తగ్గింది బిళ్ళ వల్లే అని ఆలోచించం. బావకి పనిచేసిందని ఆయన బిళ్ళ మనం అడిగి వేసుకుంటాం. కోతల్లో నొప్పి బిళ్ళలు బఠాణీల్లా మింగుతాం. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటాం, షుగరు బిళ్ళ మాత్రం మానకుండా వేసుకుంటాం. ఉపవాసం ఉండాలనుకుంటే బిళ్ళ సంగతి ముందే డాక్టర్ని అడగాలి. పెద్ద డాక్టరు దగ్గర ఆర్ఎంపీ మందు దాస్తాం, ఆర్ఎంపీ దగ్గర కాకరకాయ రసం దాస్తాం. వాళ్ళు తిడతారని. తిట్టనీయండి. చెప్పకపోతే పడిపోయేది మనం.

మా అన్నయ్య సంగతి చెప్పి అడగాల్సినవి అడుగుతాను. సంచి మొత్తం పట్టుకుని ముందు ఊళ్ళో క్లినిక్ నర్సమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అన్నీ ఒక కాయితం మీద రాసి, ఎక్కడ ఒకటే మందు రెండుసార్లు ఉందో గీత గీసి ఇచ్చింది. ఆ కాయితం పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన పావుగంట కూర్చుని చూశారు. ఊళ్ళో ఇచ్చిన షుగరు బిళ్ళలు రెండూ తీసేశారు, రెండో గ్యాసు బిళ్ళ తీసేశారు, నొప్పి బిళ్ళ వద్దన్నారు, రెండు బీపీ మందులు ఒకే బిళ్ళలో ఉన్నది రాశారు. ఆపేసిన క్లోపిడోగ్రెల్ ఆ రోజే మొదలుపెట్టించారు. 11 కాస్తా 6 అయ్యాయి. ఆరు వేళలు కాస్తా మూడు అయ్యాయి. ఒక నర్సమ్మ, ఒక కాయితం, ఒక పావుగంట. ఇంత చిన్న పని ఎనిమిది నెలలు ఎవరి పనీ కాకుండా పోయింది. గమనించండి, ఒక్క బిళ్ళ కూడా మేము సొంతంగా తీయలేదు. మీరూ ఈ పోస్టు చదివి ఏదీ సొంతంగా ఆపకండి, దయచేసి.

నేను అడిగేవి నాలుగే.

1. గవర్నమెంటు ఇచ్చే ప్రతి మందు కవరు మీద తెలుగులో దేనికి, ఎన్ని, ఎప్పుడు అని ఉండాలి. చదువు రాని వాళ్ళకి పొద్దుకి సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ, తిండికి ముందా తర్వాతా అన్నదానికి కంచం బొమ్మ. పురుగుమందు మీద ముక్కోణం వేయగలిగిన దేశం ఇది కూడా వేయగలదు.

2. దీర్ఘకాలం జబ్బులున్న ప్రతి మనిషి మందుల సంచినీ మూడు నెలలకి ఒకసారి ఒకళ్ళు మొత్తం చూడాలి. 2023లో ఫ్యామిలీ డాక్టర్ అని మొదలుపెట్టారు, ఇప్పుడు క్లినిక్‌లకి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు పెట్టారు. పేరు ఏదైనా పెట్టుకోండి, ఈ పని మాత్రం వాళ్ళ డ్యూటీలో రాయండి.

3. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు కొత్తవి రాయడమే కాదు, పాతవాటిలో ఏవి మానాలో కూడా తెలుగులో రాసివ్వాలి. మా అన్నయ్యకి ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే గట్టు మీద పడేవాడు కాదు.

4. సరఫరా కంపెనీ మారి బిళ్ళ రంగు మారితే ఇచ్చేటప్పుడే చెప్పాలి, పాతవి వెనక్కి తీసుకోవాలి.

ఈ నాలుగూ కాయితం మీద పెట్టి మా పంచాయతీలో తీర్మానానికి ఇస్తున్నాను. మీ ఊళ్ళో కూడా ఇవ్వండి, కావాలంటే నా కాయితం ఫోటో పెడతాను, అలాగే వాడుకోండి. ఈలోపు మన చేతిలో ఉన్న పని ఒకటి చేద్దాం. ఈసారి 104 బండి వచ్చిన రోజున చీటీ ఒక్కటే పట్టుకెళ్ళకండి. ఇంట్లో ఉన్న సంచి మొత్తం, ఆర్ఎంపీ పొట్లంతో సహా, నాటు మందుతో సహా పట్టుకెళ్ళి బల్ల మీద పోయండి. ఇవన్నీ కలిపి చూసి చెప్పండి అని అడగండి. విసుక్కుంటే మళ్ళీ అడగండి.

మా వదిన ఇప్పుడు ఆ ఆరు పేర్లూ తెలుగులో రాసుకుని దేవుడి గది తలుపుకి అంటించుకుంది. మొన్న చుట్టాలెవరో అడిగితే చూడకుండా ఆరూ చెప్పింది, ఏది దేనికో కూడా. ఆవిడ ఎప్పుడూ నిర్లక్ష్యంగా లేదండి. ఆవిడకి తెలిసిన భాషలో ఎవరూ చెప్పలేదు, అంతే.

ఉంటానండి. మీ ఇంట్లో సంచిలో ఎన్ని రకాలు ఉన్నాయో లెక్కపెట్టి కింద రాయండి.